పుట్టినరోజు ఒకటే, పంచాంగాలే వేరు

ఒకే తేదీన పుట్టిన సంగీతకారులు, చిత్రకారులు, నటీనటుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాము.

ప్రశ్న: బ్రామ్స్, చైకోవ్‌స్కీ, రవీంద్రనాథ్ ఠాగూర్ ముగ్గురూ మే 7వ తేదీనే పుట్టారని చదివాను. ఇది నిజమేనా, లేక ఎవరో ముచ్చటపడి అల్లిన కథా?

జవాబు: కథ కాదు, నిజమే. జర్మన్ స్వరకర్త జోహానెస్ బ్రామ్స్ 1833లో హాంబర్గ్‌లోనూ, రష్యన్ స్వరకర్త ప్యోత్ర్ చైకోవ్‌స్కీ 1840లో రష్యాలోని వోట్కిన్‌స్క్‌లోనూ, రవీంద్రనాథ్ ఠాగూర్ 1861లో కలకత్తాలోనూ మే 7న జన్మించారు. అయితే ఈ ముగ్గురిలో మే 7 అన్న తేదీతోనే పుట్టినరోజు లెక్కపెట్టుకున్న మనిషి బ్రామ్స్ ఒక్కడే. రష్యా అప్పటికింకా మన లెక్కకు 12 రోజులు వెనకబడిన పాత జూలియన్ క్యాలెండర్‌లోనే ఉండడంవల్ల చైకోవ్‌స్కీ ఇంట్లో ఆ రోజు ఏప్రిల్ 25. ఠాగూర్ కుటుంబానికి అది బెంగాలీ సంవత్సరం 1268లో వైశాఖ మాసపు 25వ రోజు. ఇప్పటికీ బెంగాల్‌లో ఆయన జయంతిని ‘పచీశే బైశాఖ్’ అనే పిలుస్తారు, అది మన గోడ క్యాలెండర్‌లో సాధారణంగా మే 8న గాని 9న గాని వస్తుంది.

తేదీ కలిసినంత సులువుగా మనసులు కలవలేదనడానికి బ్రామ్స్, చైకోవ్‌స్కీల పరిచయమే సాక్ష్యం. 1888 జనవరి 1న లైప్‌జిగ్ నగరంలో, వయొలిన్ విద్వాంసుడు అడాల్ఫ్ బ్రాడ్‌స్కీ ఇంట్లో వారిద్దరూ మొదటిసారి ఎదురుపడ్డారు. చైకోవ్‌స్కీ వెళ్లేసరికి అక్కడ బ్రామ్స్ పియానో ముందు కూర్చుని, తాను మూడు వాద్యాలకు కొత్తగా రాసిన త్రయాన్ని తోటివారితో కలిసి సాధన చేస్తున్నాడు. ఆ సంగీతం అతిథికి నచ్చలేదు, నచ్చిందని మర్యాదకైనా అనలేకపోయాడు. నార్వే స్వరకర్త గ్రీగ్, ఆయన భార్య కూడా ఆ విందులో ఉన్నారు. భోజనాల బల్ల దగ్గర బ్రామ్స్, చైకోవ్‌స్కీల మధ్య కూర్చోవలసివచ్చిన శ్రీమతి గ్రీగ్ ఉక్కిరిబిక్కిరై లేచిపోగా, గ్రీగ్ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడని బ్రాడ్‌స్కీ భార్య తన జ్ఞాపకాలలో రాసుకుంది. ఆ రోజు బ్రామ్స్‌కు కొత్త సంవత్సరాది. చైకోవ్‌స్కీ స్వదేశపు లెక్క ప్రకారమైతే అది ఇంకా 1887 డిసెంబరు 20. మరుసటి ఏడాది హాంబర్గ్‌లో చైకోవ్‌స్కీ అయిదో సింఫొనీ సాధన వినడం కోసం బ్రామ్స్ తన ప్రయాణాన్ని ఒక రోజు వాయిదా వేసుకున్నాడు. అంతా విని, చివరి భాగం తప్ప తక్కినది బాగుందని చెప్పాడు. ఒకరి సంగీతం ఒకరికి రుచించకపోయినా మనుషులుగా ఒకరినొకరు గౌరవించుకోవడం అక్కడితో మొదలైందని అనుకోవచ్చు.

ప్రశ్న: ఘంటసాల గారు, రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ ఇద్దరూ డిసెంబరు 4న పుట్టారని ఒక జాబితాలో ఉంది. మరో పుస్తకంలో కాండిన్‌స్కీకి డిసెంబరు 16 అని ఉంది. ఏది ఒప్పు?

జవాబు: రెండూ ఒప్పే, కాని రెండింటినీ కలపకూడదు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న జన్మించారు, అది మనమంతా ఇప్పుడు వాడే గ్రెగోరియన్ తేదీ. వసీలీ కాండిన్‌స్కీ 1866లో మాస్కోలో పుట్టిననాడు అక్కడి క్యాలెండర్ డిసెంబరు 4 చూపింది, యూరప్‌లో చాలా దేశాలలో ఆ రోజు డిసెంబరు 16. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ తేదీకి 12 రోజులు, అంతకు ముందరి శతాబ్దపు తేదీకి 11, ఇరవయ్యో శతాబ్దపు తేదీకి 13 కలుపుకుంటే మన లెక్కకు వస్తుంది. 1918లో రష్యా జనవరి 31 తరువాతి రోజును ఏకంగా ఫిబ్రవరి 14 అని ప్రకటించి ఈ తేడాను చెరిపేసింది.

కనుక కాండిన్‌స్కీని మన గాయకుడి పక్కనుంచి తప్పించక తప్పదు. అయితే ఆయన వెళ్లి చేరేది కూడా సంగీతం పక్కనే. డిసెంబరు 16ను జర్మన్ స్వరకర్త బేతోవెన్ పుట్టినరోజుగా జరుపుతారు. రంగులను స్వరాలలాగా వినగలనన్నట్టు మాట్లాడిన చిత్రకారుడికి, స్వయంగా చెల్లో వాయించిన వాడికి, ఇంతకంటె మంచి పొరుగు ఏముంటుంది? ఇక్కడ కూడా ఒక మెలిక ఉన్నదనుకోండి. బాన్ నగరపు చర్చి రిజిస్టరులో ఉన్నది బేతోవెన్ జ్ఞానస్నానం జరిగిన 1770 డిసెంబరు 17 మాత్రమే. పుట్టిన మరునాటికల్లా ఆ తంతు ముగించే ఆనవాయితీనిబట్టి అంతకు ముందు రోజును పుట్టినరోజుగా ఒప్పుకున్నారు.

జర్మన్ స్వరకర్త బాహ్ విషయంలో ఈ తికమక ఇంకాస్త రంజుగా ఉంటుంది. ఆయన పుట్టిన ఐసెనాఖ్ ప్రాంతంలో 1685 నాటికి పాత క్యాలెండరే నడిచేది, దాని ప్రకారం ఆయనది మార్చి 21. కొత్త లెక్కకు మారిస్తే మార్చి 31 అవుతుంది, అది ఆస్ట్రియా స్వరకర్త హైడ్న్ జన్మదినం. ఏ క్యాలెండర్ పట్టుకున్నా మరో దిగ్గజం పక్కన లేకుండా బాహ్‌ను నిలబెట్టలేము, ఎందుకంటే మార్చి 21 రష్యన్ స్వరకర్త ముస్సోర్గ్‌స్కీ పుట్టినరోజు. కాని ముస్సోర్గ్‌స్కీ తేదీని కొత్త లెక్కకు మార్చి, బాహ్ తేదీని పాత లెక్కలోనే ఉంచితేనే ఆ జత కుదురుతుంది. పుట్టినరోజుల జాబితాలు చేసేవారు ఇలాంటిచోట తమకు తెలియకుండానే రెండు త్రాసులతో తూచేస్తుంటారు.

ప్రశ్న: తేదీ మాత్రమే కాకుండా సంవత్సరం కూడా కలిసిన కళాకారులు ఉన్నారా?

జవాబు: ఉన్నారు, మన దగ్గరివారే ఉన్నారు. నందమూరి తారక రామారావు గారు నిమ్మకూరులో జన్మించిన 1923 మే 28నే, రుమేనియాలోని ట్రాన్సిల్వేనియా ప్రాంతంలో ఒక హంగేరియన్ యూదు కుటుంబంలో గ్యోర్గీ లిగెటీ పుట్టాడు. ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో పాశ్చాత్య సంగీతాన్ని మలుపు తిప్పిన స్వరకర్తలలో ఆయన ఒకడు. రెండో ప్రపంచయుద్ధంలో నిర్బంధ శ్రమకు గురై, 1956లో హంగేరీ తిరుగుబాటు అణచివేత తరువాత సరిహద్దు దాటి వియన్నా చేరుకున్నాడు. ఆ మరుసటి ఏడాదే రామారావు గారు ‘మాయాబజార్’లో కృష్ణుడిగా తెరమీదకు వచ్చారు. ఒకరు కోట్లమందికి కళ్లెదుటి దేవుడు కాగా, మరొకరు అతికొద్దిమంది చెవులకు మాత్రమే అందే ప్రయోగశీలి.

లిగెటీ ఎలాంటివాడో తెలియాలంటే 1962లో ఆయన కూర్చిన ఒక్క రచన చాలు. అందులో వాద్యకారులు లేరు, వంద మెట్రోనోములు మాత్రమే ఉంటాయి. తాళం వేగాన్ని చూపడానికి సాధన గదుల్లో టక్ టక్‌మని కొట్టుకునే ఆ చిన్న యంత్రాలన్నింటికీ కీ ఇచ్చి, ఒక్కొక్కదాన్ని ఒక్కో వేగంలో పెట్టి, దాదాపు ఒకేసారి వదిలేస్తారు. మొదట రేకుల కప్పు మీద జడివానలాంటి రొద. కీ అయిపోయినకొద్దీ ఒకటొకటే ఆగిపోతుండగా ఆ రొద పలచబడి, అందులోంచి వింత వింత నడకలు తేలుతూ, చివరికి ఒకే ఒక్క యంత్రం మిగిలి, అదీ ఆగిపోతుంది. వినోదమా, వేళాకోళమా అని మొదట్లో మండిపడినవారు ఉన్నారు గాని, చివరి నిమిషంలో ఆ ఒంటరి టక్ టక్ వినేటప్పుడు సభ ఊపిరి బిగబడుతుంది.

ప్రశ్న: ఫిబ్రవరి 29న పుట్టిన సంగీతకారులు ఎవరైనా ఉన్నారా? ఉంటే వారికి ఎన్ని పుట్టినరోజులు వచ్చాయి?

జవాబు: ఒపెరా స్వరకర్త రొస్సీనీ 1792 ఫిబ్రవరి 29న ఇటలీలోని పెసారోలో పుట్టాడు. 1800 లీపు సంవత్సరం కాకపోవడంవల్ల ఆయన రెండో పుట్టినరోజు కోసం ఎనిమిదేళ్లు ఆగవలసివచ్చింది. ‘సెవిల్ క్షురకుడు’ ఒపెరా 1816 ఫిబ్రవరి 20న రోమ్‌లో మొదటి ప్రదర్శనలో ఈలలు, కేకల మధ్య అభాసుపాలై, మర్నాడే జేజేలు అందుకుంది. మరి తొమ్మిది రోజులకు స్వరకర్తకు 24 ఏళ్లు నిండాయి, అసలు తేదీ వచ్చినసార్లు మాత్రమే లెక్కిస్తే అది అయిదో పుట్టినరోజు. 76 ఏళ్లు బతికిన మనిషికి మొత్తం దక్కినవి 18.

సంవత్సరం కూడా కలిసినవారి గురించిన పై ప్రశ్నకు ఇక్కడ మరో జవాబు కూడా దొరుకుతుంది. రుక్మిణీదేవి అరండేల్ మదురైలోనూ, జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జిమ్మీ డోర్సీ అమెరికాలోని పెన్సిల్వేనియాలోనూ సరిగ్గా 1904 ఫిబ్రవరి 29నే పుట్టారు. వారిద్దరికీ 1935 నిర్ణయాత్మకమైన సంవత్సరం కావడం గమనించదగినది. ఆ ఏడాదే రుక్మిణీదేవి అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో తొలిసారి బహిరంగంగా భరతనాట్యం చేశారు, మరుసటి సంవత్సరం కళాక్షేత్రాన్ని స్థాపించారు. ఆ ఏడాదే డోర్సీ, తనతో కలిసి బృందాన్ని నడుపుతున్న తమ్ముడు టామీతో వేదిక మీదే గొడవపడ్డాడు. పాట ఏ వేగంలో నడవాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, తమ్ముడు ట్రాంబోన్ పట్టుకుని దిగి వెళ్లిపోయాడు.

ప్రశ్న: ఇన్ని పోలికలు చూస్తుంటే పుట్టిన తేదీకీ కళకూ ఏదో సంబంధం ఉన్నట్టు అనిపించడం లేదా?

జవాబు: అనిపించడం సహజం, కాని లెక్క ఒప్పుకోదు. ఏ ఎంపికా లేకుండా 23 మందిని ఒకచోట చేర్చితే, వారిలో ఎవరో ఒక ఇద్దరి పుట్టినరోజు కలిసే అవకాశం సగానికి కాస్త మించి ఉంటుంది. 57 మంది చేరితే అది 99 శాతం. 23 మందిని ఇద్దరిద్దరిగా జత చేస్తే 253 జతలు వస్తాయి కదా, కిటుకంతా అక్కడే ఉంది. ప్రత్యేకించి మీ తేదీనే పంచుకునే మనిషి దొరకడానికి సగం అవకాశం కావాలంటే మాత్రం మీరు గాక 253 మంది ఉండాలి. విజ్ఞాన సర్వస్వాలలో కళాకారుల పేర్లు వేలల్లో ఉంటాయి, రోజులేమో 366 మించి లేవు. జనవరి 8న గాయకులు ఎల్విస్ ప్రెస్లీ, షర్లీ బాసీ, డేవిడ్ బోవీ ముగ్గురూ పోగవడం అందువల్లనే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికీ, బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్‌కూ సెప్టెంబరు 16 ఉమ్మడి కావడమూ అంతే.

ప్రశ్న: జాజ్ సంగీతకారుడు లూయీ ఆమ్‌స్ట్రాంగ్ అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4న పుట్టాడని చిన్నప్పటినుంచీ విన్నాను. ఈమధ్య పుస్తకాలలో తేదీ మారిందేమిటి?

జవాబు: తాను 1900 జూలై 4న పుట్టానని ఆమ్‌స్ట్రాంగ్ జీవితాంతం చెప్పుకున్నాడు. అది వినసొంపైన తేదీ, పైగా శతాబ్దపు తొలి అడుగు. 1971లో ఆయన మరణించిన చాలా ఏళ్ల తరువాత, న్యూ ఆర్లియన్స్‌లోని ఒక కాథలిక్ చర్చి రిజిస్టరులో ఆయన జ్ఞానస్నానపు నమోదు బయటపడింది. అందులో పుట్టిన తేదీ 1901 ఆగస్టు 4. పాత తేదీతో ఆయనకు తోడుగా నిలిచినవాడు అమెరికన్ జానపద బాణీల స్వరకర్త స్టీఫెన్ ఫాస్టర్. కొత్త తేదీ మన కిశోర్ కుమార్‌ది, ఆయన 1929 ఆగస్టు 4న ఖండ్వాలో పుట్టారు. మాటల్లేని చోట గొంతునే వాద్యం చేసి అర్థంలేని అక్షరాలతో ఆడుకున్న ఆమ్‌స్ట్రాంగ్, పాట మధ్యలో యూడలింగ్‌తో గొంతును ఎగరేసి పట్టుకున్న కిశోర్... ఈ జతను కుదిర్చిన చర్చి గుమాస్తాకు నా నమస్కారం.

పుట్టిన సంవత్సరాన్ని మార్చుకున్నవారూ ఉన్నారు. మెక్సికన్ చిత్రకారిణి ఫ్రీదా కాలో 1907 జూలై 6న పుట్టి, దేశంలో విప్లవం మొదలైన 1910నే తన జన్మసంవత్సరమని చెప్పేది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారిది కూడా జూలై 6, ఆయన 1930లో జన్మించారు. ఆవిడ ఏ సంవత్సరం చెప్పినా ఈ జంటకు వచ్చిన ఇబ్బందేమీ లేదు.

ప్రశ్న: ఇళయరాజా గారి పుట్టినరోజు జూన్ 2 అని కొందరు, జూన్ 3 అని కొందరు రాస్తున్నారు. ఏది సరైనది?

జవాబు: పుట్టింది 1943 జూన్ 3న, జరుపుకునేది జూన్ 2న. తనకు ‘ఇసైజ్ఞాని’ బిరుదునిచ్చిన కరుణానిధి పుట్టినరోజు కూడా జూన్ 3 కావడంతో, ఆ రోజును ఆయనకే వదిలేసి ఇళయరాజా ఒక రోజు ముందుకు జరిగారు. జరిగి వెళ్లినచోట మణిరత్నం ఉన్నారు, జూన్ 2 ఆయన పుట్టినరోజు. 1983లో ఆ దర్శకుడి మొదటి సినిమా నుంచి 1991 వరకు ఇద్దరూ కలిసి పనిచేసినవాటిలో తెలుగు ‘గీతాంజలి’ కూడా ఒకటి. ఇక అసలు తేదీకి మర్నాడు, జూన్ 4న, ఇళయరాజా బాణీలను లెక్కలేనన్నిసార్లు గొంతెత్తి పాడిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి పుట్టినరోజు వస్తుంది.