తొట్టిలోని వానపాములు పైకి ఎందుకు పాకుతున్నాయి?

ప్రశ్న: మేము అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటున్నాము. వంటింటి చెత్తను ఎరువు చేసుకుందామని ఉగాది తరువాత అరకిలో వానపాములు కొని, ప్లాస్టిక్ తొట్టిలో వేసి బాల్కనీలో పెట్టాము. రోజూ కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పప్పు వేస్తున్నాము. పది రోజులు బాగానే ఉన్నాయి. ఇప్పుడు పుల్లటి వాసన వస్తోంది. వానపాములు గోడల వెంబడి ఎగబాకి మూత కిందికి చేరుతున్నాయి, కొన్ని బయట పడి ఎండిపోతున్నాయి. ఆకలికే ఇలా చేస్తున్నాయా? మేత పెంచాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: దయచేసి మేత పెంచకండి. పైగా వారం, పది రోజుల పాటు అసలేమీ వేయకండి. మీ వానపాములు పైకి వస్తున్నది ఆకలితో కాదు, గాలి ఆడక, వేడి తాళలేక.

వానపాముకు పళ్లు లేవు. మనం వేసిన బీరకాయ తొక్కను అది కొరికి తినలేదు. సూక్ష్మజీవులు ఆ తొక్కను కుళ్లబెట్టి మెత్తగా చేసిన తరువాతే, ఆ సూక్ష్మజీవులతో సహా దాన్ని మింగుతుంది. అందువల్ల తొట్టిలో మేత ఎంత వేగంగా కుళ్లుతుందో అంత వేగంగానే వానపాములు తినగలవు. అంతకు మించి వేసినదంతా, ముఖ్యంగా అన్నం, పప్పు వంటివి, ముద్దకట్టి పులిసిపోతాయి. పులిసేటప్పుడు వేడి పుడుతుంది, లోపల ఉన్న కాస్త ప్రాణవాయువూ అయిపోతుంది. వానపాము ఊపిరి పీల్చేది తడిగా ఉన్న చర్మంతోనే కాబట్టి, ఆ ముద్దలో ఉండలేక గాలి ఉన్న చోటికి పాకుతుంది. దీనికి తోడు, 20 నుంచి 30 డిగ్రీల మధ్య హాయిగా ఉండే ప్రాణి అది. 35 దాటితే అల్లాడిపోతుంది. వేసవిలో విజయవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు.

తొలి ఏడాది నేనూ ఒక తొట్టిని మేడ మీద రేకుల నీడన పెట్టాను. ఏప్రిల్ నెలాఖరున ఒక మధ్యాహ్నం మూత తీసి పైపొరను తాకితే చల్లగానే ఉంది. వేలు రెండంగుళాలు లోపలికి దించగానే, అప్పుడే వార్చిన అన్నంలో పెట్టినట్టు వెచ్చగా తగిలింది. బతికి ఉన్నవన్నీ ఒక మూలన తాడు ముడిలా చుట్టుకుని ఉన్నాయి. నీడ ఉంటే చాలదని, కాగే రేకుల కింది నీడ ఎండతో సమానమని ఆనాడు అర్థమైంది.

మీరు ముందుగా అన్నం, పప్పు పూర్తిగా ఏరివేయండి. ఎండుటాకులు, చింపిన వార్తాపత్రిక ముక్కలు, నానబెట్టి పిండిన కొబ్బరి పీచు సమృద్ధిగా కలిపి, చేత్తో మెల్లగా గుల్ల చేయండి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు, చుక్క కూడా రాకపోతే తక్కువైనట్టు. తొట్టి అడుగున నీరు దిగే రంధ్రాలు, పక్కల గాలి రంధ్రాలు లేకపోతే వెంటనే వేయించండి. ప్లాస్టిక్ మూత తీసేసి తడి గోనెపట్టా కప్పండి. ఆ తడి ఆరుతున్నంతసేపూ లోపల చల్లగా ఉంటుంది. పడమటి ఎండ తగలని చోటికి, వీలైతే ఇంట్లోకే, తొట్టిని మార్చండి. సరిగా ఉన్న తొట్టి వాసన కొట్టదు.

వాసన పోయాక రెండు రోజులకొకసారి వంద గ్రాముల తొక్కలతో మళ్లీ మొదలుపెట్టండి. తొక్కలను సన్నగా తరిగి, ఎండుటాకులతో కలిపి, వేరే బకెట్టులో పది పదిహేను రోజులు మగ్గనిచ్చి వేస్తే మరీ మంచిది. పచ్చి పేడను కూడా అలాగే మగ్గబెట్టాలి. నిమ్మ తొక్కలు, ఉల్లి, మిరప, నూనె, మాంసం వద్దు. ఊరగాయ ముక్క ఒక్కటి కూడా వేయవద్దు, ఎందుకంటే ఉప్పు వాటి చర్మంలోని తడిని లాగేస్తుంది.

ప్రశ్న: వానాకాలంలో మా పెరట్లో కనిపించే వానపాములనే పట్టి తొట్టిలో వేయవచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వాటిని నేలలోనే ఉండనివ్వండి. వాటిలో చాలా రకాలు మట్టిని తింటూ, బొరియలు చేసుకుంటూ లోతున బతికేవి. తొట్టిలో అవి నిలవవు. మనకు కావలసినవి కుళ్లిన ఆకు, పేడ మధ్య పైపొరలోనే బతికే రకాలు. ఎక్కువగా అమ్మేవి ఐసీనియా ఫెటిడా, ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే. మన దేశపు రకం పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ కూడా బాగా పనిచేస్తుంది. యూడ్రిలస్ వెచ్చదనాన్ని కోరుకునే రకం, చలిని ఓర్చుకోలేదు. మీ ప్రాంతంలో డిసెంబరు, జనవరి రాత్రులు బాగా చల్లబడతాయి కాబట్టి ఐసీనియాతో మొదలుపెట్టమని నా సలహా.

ప్రశ్న: తొట్టికి చీమలు పట్టాయి. మందు చల్లవచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: వద్దు. చీమల మందు వానపాములనూ చంపుతుంది. తొట్టిని కాళ్లున్న బల్ల మీద పెట్టి, ఒక్కో కాలి కింద నీళ్లు పోసిన మూకుడు ఉంచండి. చీమలు చేరాయంటే చాలాసార్లు తొట్టి లోపల ఆరిపోయిందని అర్థం.

ప్రశ్న: వానపాములు చావకుండా ఎరువు తీయడం ఎలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఎరువు టీపొడిలా నల్లగా, పొడిపొడిగా మారాక నాలుగైదు రోజులు నీళ్లు చల్లడం ఆపండి. తరువాత వెలుతురున్న చోట, ఎండలో మాత్రం కాదు, పట్టా పరిచి ధాన్యం రాశిలా పోయండి. వెలుగు గిట్టని వానపాములు అడుగుకు దిగుతాయి. పావుగంటకొకసారి పైపైన తీసుకుంటూ పోతే చివరికి అవన్నీ ఒక గుత్తిగా మిగులుతాయి. తీసిన ఎరువులో జొన్నగింజంత పరిమాణంలో, చిన్న నిమ్మకాయ ఆకారంలో లేత పసుపు గింజలు కనబడితే పారేయకండి. అవి గుడ్ల సంచులు. వాటిని ఏరి మళ్లీ తొట్టిలో వేయండి, తడి సరిగా ఉంటే మూడు నాలుగు వారాలలో ఒక్కోదాని నుంచి రెండు మూడు పిల్లలు బయటికి వస్తాయి.