ప్రోనోటు రాయించుకుంటే నిధి కాస్తా అప్పవుతుంది

ప్రశ్న: మాది తిరుపతి. మేం చదివిన మహిళా కళాశాలలో టేకు దూలాలు, సున్నపు గారతో కట్టిన పాత మిద్దె ఒకటి వానకు కురుస్తోంది. దాన్ని బాగుచేయించాలని పూర్వ విద్యార్థినులం 62 మందిమి 2022 ఫిబ్రవరి నుంచి మే దాకా 6,40,000 రూపాయలు పోగుచేసి, అందరం 'అక్కా' అని పిలిచే ఒకామె ఖాతాలో వేశాం. పని మొదలవలేదు. డబ్బు తమ్ముడి వ్యాపారంలో పెట్టానని ఆమె ఈ మధ్యే ఒప్పుకున్నారు. ముప్పై ఏళ్ల స్నేహం, నిద్ర పట్టడం లేదు. 2022 తేదీ వేసి నా పేర ప్రోనోటు రాయించుకోమని ఒక పెద్దమనిషి చెప్పారు. రాయించుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మూడు పేజీలు స్నేహం గురించే ఉన్నాయి. వాటితో కోర్టుకు పనిలేదు. వెనక జతచేసిన కరపత్రం జిరాక్సుతో ఉంది. 'పాత భవనం మిద్దె మరమ్మతు నిధి' అన్న శీర్షిక, కింద ఆమె పేరు, ఖాతా నంబరు, పక్కనే 'కోశాధికారి' అన్న మాట. మీ కేసు నిలిచినా పడినా ఆ కాగితం మీదే.

చేబదులుగా ఇచ్చిన డబ్బయితే దావా వేయడానికున్న మూడేళ్ల గడువు 2025 మేతోనే దాటిపోయింది. ఫలానా పనికని నమ్మి అప్పగించిన సొమ్మయితే, అంటే ట్రస్టు సొమ్మయితే, 1963 లిమిటేషన్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఆ సొమ్మునూ దాని లెక్కలనూ అడగడానికి కాలదోషం లేదు. ట్రస్టు అన్న పదమే ఎక్కడా లేదని అవతలి వకీలు తప్పకుండా వాదిస్తారు. కాబట్టి కరపత్రం అసలు ప్రతి వెతకండి. అందరి బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించండి. ఫోన్‌పేలో పంపేటప్పుడు ఎవరైనా 'మిద్దెకు' అని రాసి ఉంటే పదిమంది నోటి సాక్ష్యం కంటే అది గట్టిది. వాట్సాప్ సందేశాలున్న పాత ఫోన్ అమ్మేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డు నిజమైనదని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ లేకపోతే స్క్రీన్‌షాట్ ప్రింట్లను కోర్టు పక్కన పెడుతుంది.

ఇక ప్రోనోటు. ఆ జోలికే పోవద్దు. 2022 తేదీ వేస్తే దానికీ గడువు మూడేళ్లే, రాసిన రోజే అది చచ్చిన కాగితం. పైగా అబద్ధపు సాక్ష్యం పుట్టించారన్న నేరం మీ మెడకే చుట్టుకుంటుంది. ఈనాటి తేదీ వేసినా నష్టమే: 62 మంది నిధి మీ ఇద్దరి మధ్య అప్పుగా మారి, 10వ సెక్షన్ రక్షణ చేజారుతుంది. సలహా ఇచ్చిన పెద్దమనిషి కోర్టు బోనులోకి రారు కదా!

డిగ్రీలు చదివినవాళ్లు, ఆరు లక్షలు ఒకరి సొంత ఖాతాలో వేస్తారా? ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా తెరవడానికి ఒక పూట చాలు.

ఆమె ఇప్పటికీ మాట్లాడుతున్నారు గనుక, సొంత చేతిరాతతో ఒక ఉత్తరం తీసుకోండి: 'భవన నిధి కింద వసూలైన ఇంత మొత్తం నాకు చేరింది, లెక్క ఇది, మిగతాది ఫలానా తేదీలోగా జమచేస్తాను'. అప్పు, వడ్డీ అన్న మాటలు అందులో రాకూడదు. ఈలోగా ఏడుగురు కలిసి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సంఘం నమోదు చేసుకుని, దాని ఖాతాలోనే చెక్కు వేయించండి. రాసివ్వనంటే లాయరు నోటీసు పంపి, కనీసం ఇద్దరు దాతలు ప్రజాహిత ట్రస్టులపై దావాలకు వర్తించే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద జిల్లా కోర్టు అనుమతి తీసుకుని దావా వేయాలి. కాలదోషం లేదని ఇంకో ఏడాది కూర్చోకండి, తమ్ముడి వ్యాపారం అప్పటిదాకా ఆగదు.

భవనం కళాశాలది. మరమ్మతుకు యాజమాన్యం రాతపూర్వక అనుమతి ఇచ్చినట్టు మీ కాగితాల్లో ఎక్కడా లేదు. ఆ దరఖాస్తు రేపే పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి.