111 పీక్ కనబడకపోతే

చిరంజీవి అమ్మలుకి,

పౌడర్ డిఫ్రాక్షన్, అదే పొడి మీద ఎక్స్-రేలు పంపి స్ఫటిక నిర్మాణం చదివే పని, ఇకనుంచి నువ్వే సొంతంగా తీస్తావని మీ నాన్న చెప్పాడు. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. మెషిన్ నడపడం రెండ్రోజుల్లో వస్తుంది. తలుపు తీస్తే ఎక్స్-రేలను ఆపేసే ఇంటర్‌లాక్ జోలికి మాత్రం ఎన్నడూ వెళ్లకు.

నా బెంగంతా ప్యాటర్న్, అంటే ఏ కోణంలో ఎన్ని ఎక్స్-రేలు వచ్చాయో చూపే గీత, చదవడం గురించే. ఆ గీతలో లేచే శిఖరం, అదే పీక్, ఏ కోణంలో వచ్చిందో చూస్తే యూనిట్ సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే చిన్న పెట్టె) కొలత తెలుస్తుంది. ఎంత బలంగా వచ్చిందో చూస్తే లోపలి పరమాణువుల సంగతి తెలుస్తుంది. 111, 200 లాంటి అంకెలు స్ఫటికంలోని పరమాణు పొరల పేర్లు. సోడియం క్లోరైడ్‌కి రాగి కె-ఆల్ఫాతో (రాగి నుంచి వచ్చే ఎక్స్-రేలతో) 111 పీక్ 27.4 డిగ్రీల దగ్గర చిన్నదిగా, 200 పీక్ 31.7 దగ్గర అన్నిటికన్నా పెద్దదిగా రావాలి. 111లో సోడియం పొరల తరంగం, క్లోరిన్ పొరల తరంగం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సోడియం అయాన్‌కి 10 ఎలక్ట్రాన్లు, క్లోరైడ్‌కి 18 కాబట్టి ఎంతో కొంత మిగులుతుంది. పొటాషియం క్లోరైడ్‌లో రెండిటికీ 18. ఇక మిగిలేదేముంది? 24.5 దగ్గర 111 దాదాపు కనబడదు, 6.29 యాంగ్‌స్ట్రామ్‌ల సెల్ 3.15 ఉన్న సాదా ఘనంలా భ్రమపెడుతుంది. 1913లో లారెన్స్ బ్రాగ్ అనే శాస్త్రవేత్త ఈ లవణాల నిర్మాణం తేల్చింది ఈ తేడా పట్టుకునే.

ఇప్పుడు అసలు మాట, జాగ్రత్తగా విను. సోడియం క్లోరైడ్‌లోనూ 111 మాయమవుతుంది, చేతిపనిలో లోపం వల్ల. ఆ స్ఫటికాలు ఘనాలుగా విరుగుతాయి. ముతకగా నూరి, గ్లాస్ స్లైడ్‌తో పైనుంచి అదిమావంటే అన్నీ చదునైన ముఖం మీద పడుకుంటాయి. 200, దాని వెంటే 66.2 దగ్గరి 400 ఉబ్బిపోతాయి, 111 బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతుంది. అది చూసి "కొత్త నిర్మాణం" అని రాసేస్తారు. ఎంత పాత తప్పో, ఇంకా చేస్తూనే ఉన్నారు! నువ్వు చేశావంటే ఊరుకోను. 200, 400లాగా ఒకే కుటుంబం పీక్‌లు కలిసి పెరిగాయంటే ముందు పొడి నింపిన నీ హోల్డర్‌నే అనుమానించు.

అగేట్ కల్వంలో 10 మైక్రాన్లకు దిగేదాకా నూరు. వేళ్ల మధ్య రుద్దితే గరుకు అసలు తగలకూడదు. అలాగని మెత్తటి పదార్థాన్ని గంటలకొద్దీ నూరకు, స్ఫటికం దెబ్బతిని పీక్‌లు వెడల్పవుతాయి. హోల్డర్‌ని వెనకనుంచో పక్కనుంచో నింపి, తిప్పుతూ మళ్లీ తియ్యి. 111 తిరిగొస్తే తప్పు నింపడంలో ఉంది. రాకపోతే అప్పుడు ఎలక్ట్రాన్లు లెక్కపెట్టు.

పౌడర్ ఎత్తు కూడా చూసుకో తల్లీ. 200 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న మెషిన్‌లో 0.1 మిల్లీమీటర్ పైకుంటే 28 డిగ్రీల దగ్గర పీక్ 0.055 డిగ్రీలు ముందుకు జరుగుతుంది, నువ్వేమో సెల్ కుంచించుకుందనుకుంటావు. సరిచూసుకోడానికి పొడిలో కాస్త సిలికాన్ కలుపు, దాని 111 పీక్ 28.44 దగ్గర ఉండాలి.

రాత్రంతా స్క్రీన్ ముందు కూర్చోకు. మొదటి ప్యాటర్న్‌లో 111 ఎంత వచ్చిందో, 200 ఎంత వచ్చిందో నాకు రాయి.

నీ పెదనాన్న