అమ్మ భుజం నాలుగు ముక్కలైంది, ప్లేట్ వేయించాలా, కీలు మార్పించాలా, స్లింగ్ చాలా?

మీ అమ్మగారికి 70 ఏళ్లు, బాత్రూంలో జారి పడ్డారు, ఒక డాక్టర్ ప్లేట్ (ముక్కల్ని స్క్రూలతో పట్టి ఉంచే లోహపు పట్టీ) అన్నారు, ఇంకొకరు రివర్స్ షోల్డర్, అంటే కీలు మార్పిడి అన్నారు, చుట్టాలు నాటు కట్టు అంటున్నారు, రేపటికల్లా చెప్పాలి అని రాశారు కదండీ. ముందు ఒక్క మాట, రేపే చెప్పక్కర్లేదు. చర్మం చిట్లకుండా, జబ్బ ఎముక పైన ఉండే బాల్ దాని గూట్లోంచి బయటికి జారకుండా, చెయ్యి వెచ్చగా ఉండి వేళ్లు బాగా కదులుతుంటే మామూలుగా వారం పది రోజులు టైమ్ ఉంటుంది. వీటిలో ఏది తేడాగా ఉన్నా మాత్రం గంట కూడా ఆగొద్దు. జబ్బ పైన బయటి వైపు తిమ్మిరిగా ఉందేమో కూడా చెప్పండి, అక్కడ ఒక నరం వెళ్తుంది, అది దెబ్బతిందేమో డాక్టర్ ఆపరేషన్‌కి ముందే చూసి రాసుకోవాలి.

మా అమ్మది పోయినేడు మే నెల. గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు, పొద్దున్నే వాకిలి కడిగి ముగ్గేద్దామని మెట్టు దిగుతూ జారి ఎడమ భుజం మీద పడింది, అప్పటికి 71. దగ్గర్లో ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్తే ఒకే ఒక్క ఎక్స్‌రే తీసి, ఈ రాత్రికే అడ్మిట్ చేయండి పొద్దున్నే ప్లేట్ వేసేస్తాం అన్నారు, సిటీ స్కాన్ తీయరా అంటే అక్కర్లేదన్నారు, నాకేమో కాళ్లూ చేతులూ ఆడట్లేదు, సంతకం పెట్టేసేవాడినే, మా మేనమామ వచ్చి ఆపాడు. మర్నాడు స్లింగ్‌తోనే విజయవాడ తీసుకెళ్లి సూర్యారావుపేటలో భుజం ఆపరేషన్లు ఎక్కువగా చేసే డాక్టర్‌కి చూపించాం. ఆయన ముందు ఆ సిటీ స్కాన్ తీయించారు.

అప్పుడు అర్థమైంది అసలు విషయం. జబ్బ ఎముక పై భాగాన్ని నాలుగు భాగాలుగా చూస్తారు, బాల్, పక్కన పెద్ద బొడిపె ఒకటి, చిన్న బొడిపె ఒకటి, కింద కాడ. చెయ్యి తిప్పే కండరాలు ఆ బొడిపెలకే అతుక్కుని ఉంటాయి. ఒక భాగం 1 సెంటీమీటర్ కంటే ఎక్కువ పక్కకి జరిగితేనో 45 డిగ్రీల కంటే ఎక్కువ వంగితేనో దాన్ని విడిపోయిన పార్ట్ అంటారు, 1970లో నీర్ అనే అమెరికా సర్జన్ పెట్టిన లెక్క ఇది. కాబట్టి ఎక్స్‌రేలో నాలుగు గీతలు కనిపించినంత మాత్రాన ఫోర్ పార్ట్ అయిపోదు, మీవాళ్లది నిజంగా జరిగిందా లేదా అన్నది అడగండి. మా తెనాలి పిన్నిది అలా జరగని ఫ్రాక్చరే, 64 ఏళ్లు, స్లింగ్‌తోనే అతుక్కుంది, ఇప్పుడు దండెం మీద బట్టలు ఆరేస్తుంది.

అమ్మకి బాల్ పూర్తిగా విడిపోయి రెండుగా చీలింది. బాల్‌కి రక్తం చుట్టూ ఉన్న చిన్న నాళాల నుంచే అందాలి, అవి తెగితే ప్లేట్ ఎంత బాగా వేసినా బాల్ మెల్లగా చచ్చిపోయి కుంగిపోవచ్చు. పైగా ఎముక గుల్లబారిన వాళ్లకి స్క్రూలు పట్టు దొరక్క బాల్‌ని చీల్చుకుని కీల్లోకి వచ్చే ప్రమాదం ఉంది, అలా అయితే రెండో ఆపరేషన్. అందుకే ఆయన రివర్స్ అన్నారు. అందులో బంతిని రెక్క ఎముక వైపు బిగిస్తారు, గిన్నెని జబ్బ ఎముకలో పెడతారు, పైనున్న డెల్టాయిడ్ కండరమే చెయ్యి ఎత్తుతుంది, లోపలి కండరాలు పాడైనా పని జరుగుతుంది. 2020లో వచ్చిన నార్వే స్టడీలో 65 నుంచి 85 ఏళ్ల వాళ్లకి, బాగా జరిగిపోయిన ఫ్రాక్చర్లలో, రెండేళ్ల తర్వాత ప్లేట్ కన్నా రివర్స్ మెరుగ్గా ఉంది. అలాగని అందరికీ ఆపరేషన్ కావాలని కాదు, 2015లో బ్రిటన్‌లో 250 మంది మీద చేసిన స్టడీలో ఆపరేషన్‌కీ స్లింగ్‌కీ రెండేళ్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే 40 ఏళ్ల మనిషైతే సాధారణంగా ప్లేట్ వేసి సొంత బాల్‌నే కాపాడటానికి చూస్తారు.

నాటు కట్టు మాత్రం వద్దండీ, దణ్ణం పెట్టి చెప్తున్నా. చేతికి వెళ్లే పెద్ద రక్తనాళం, నరాలు అన్నీ చంకలోంచే వెళ్తాయి, అక్కడ లాగి సరిచేయించడం చాలా ప్రమాదం.

అమ్మకి ఎనిమిదో రోజు రివర్స్ ఆపరేషన్ చేశారు. మోచేతి దాకా నల్లగా కమిలిపోతే మేం హడలిపోయాం, అది రక్తం కిందికి దిగడమేనట. ఆ ఎండల్లో స్లింగ్ కింద చంకంతా చెమట పొక్కులు, మెత్తటి కాటన్ గుడ్డ మడిచి పెట్టి రోజూ మార్చాం, ఇది మాకెవరూ చెప్పలేదు. వెల్లకిలా పడుకోలేకపోయేది, మూడు వారాలు పడక్కుర్చీలోనే నిద్ర. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు, వీపు వెనక చెయ్యి వేసి లేపండి.

నెలన్నర దాకా ఫిజియో ఆమె చేతిని మెల్లగా కదిపేవాడు, ఆ తర్వాతే తనంతట తాను ఎత్తడం. మధ్యలో ఒక వారం నొప్పికి ఏడ్చి మానేసింది, అది మళ్లీ తెచ్చుకోడానికి నెల పట్టింది, నేను గట్టిగా ఉండాల్సింది. ఏడాదికి తలకి నూనె రాసుకుని జడ వేసుకుంటోంది. వీపు వెనక్కి మాత్రం చెయ్యి పోదు, రివర్స్‌లో అది చాలామందికి పూర్తిగా రాదని ముందే చెప్పారు.

డబ్బు సంగతి, ఇంప్లాంట్ ధర విడిగా కాగితం మీద రాసివ్వమనండి, ఆరోగ్యశ్రీ (ఆంధ్రాలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే ఏది కవర్ అవుతుందో హాస్పిటల్లో ఆ పథకం డెస్క్ దగ్గర ముందే అడగండి. ఎముక ఎంత గుల్లబారిందో చూసే డెక్సా స్కాన్ కూడా తీయించండి, అవసరమైన మందు మొదలుపెట్టకపోతే రేపు తుంటి విరిగే ప్రమాదం ఉంది. సిటీ స్కాన్ తీయించాక బాల్ గురించి ఏమన్నారో ఇక్కడ రాయండి, నేను రోజూ చూస్తుంటా.