ఆ రెండో టార్చ్ లైటు పెట్టె విప్పకండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. 2023 జూన్ 20న ఆన్‌లైన్‌లో జేబులో పట్టే టార్చ్ లైట్లు రెండు కలిపి 1,490 రూపాయలకు కొన్నాను. పెట్టె మీద 10,000 ల్యూమెన్ల వెలుతురు, 9,900 ఎంఏహెచ్ సామర్థ్యమున్న సెల్లు, 8 గంటల వెలుగు, ఐపీఎక్స్8 వాటర్‌ప్రూఫ్, ఏడాది వారంటీ అని ఉంది. ఆగస్టు 2 రాత్రి వానలో నాన్న నీళ్ళ వంతు చూసుకోవడానికి కాలువ గట్టు మీద వెళ్తుంటే లైటు ఉన్నట్టుండి ఆరిపోయింది. ఆయన చీకట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించాం. ఇప్పటికీ కర్ర లేనిదే నడవలేరు. ఆ వారంలోనే కంపెనీకి మెయిల్ పెడితే ఫొటోలు పంపమన్నారు. ఆస్పత్రి హడావుడిలో పంపలేకపోయాను. తర్వాత సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఇస్తే సెల్లు మార్చి, కొత్త రబ్బరు రింగు వేశాడు. ఇప్పుడు బాగానే వెలుగుతోంది, వాడుతున్నాం. మొన్న మళ్ళీ అడిగితే వారంటీ అయిపోయిందన్నారు. మా నాన్న జీవితం నాశనం చేసినవాళ్ళకు శిక్ష పడాలి, 25 లక్షల పరిహారం రావాలి. తమ్ముడి కోసం కొన్న రెండో లైటు పెట్టె విప్పకుండా బీరువాలోనే ఉంది. దాన్ని నీళ్ళలో ముంచి పాడుచేసి, నాన్న చేతిలో ఉన్నది ఇదేనని చూపించమని ఒక మిత్రుడు సలహా ఇస్తున్నాడు. అలా చేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడు పేజీల నిండా ఆస్పత్రి, అప్పులు, నాన్నగారి బాధ. మీ కేసు మాత్రం చివరి పేజీలో అడుగున ఉన్న ఒక్క వాక్యం మీద నిలబడుతుంది: రెండో లైటు పెట్టె విప్పకుండా బీరువాలో ఉంది. మిగతా కథంతా ఎంత నిజమైనా, ఆ పెట్టె లేకపోతే మీ చేతిలో సాక్ష్యం దాదాపు లేనట్టే.

ముందు మీ మిత్రుడి సలహా సంగతి. ఆ పని చేయకండి. ఇంకెవరితోనూ చర్చించకండి కూడా. వినియోగదారుల కమిషన్ ముందు జరిగే విచారణను చట్టం న్యాయ విచారణగానే పరిగణిస్తుంది. అక్కడ పెట్టడానికి దొంగ సాక్ష్యం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. ఇవాళ బాధితులుగా ఉన్న మీరు రేపు ముద్దాయి అవుతారు. పైగా ఆ నాటకం నిలవదు. మొదటి లైటును విప్పిన మెకానిక్ ఉన్నాడు, మీ పాత మెయిల్ ఉంది. అవతలి వకీలు ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు. అన్నిటికన్నా ఘోరం, మీకున్న ఒకే ఒక్క మంచి సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే బకెట్‌లో ముంచుతారు.

ఇప్పుడు మిమ్మల్ని కొంచెం కోప్పడాలి. ప్రమాదానికి కారణమైన వస్తువును రిపేరుకు ఎలా ఇచ్చారు? పైగా రెండేళ్ళుగా దాన్నే వాడుతున్నారా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగిన సమయానికి వస్తువును మార్చి ఉంటే, లేదా వాడకూడని విధంగా వాడి ఉంటే, అమ్మినవారి మీద దావా నిలవదు. మీరు మార్చింది హాని జరిగాక కదా, కాబట్టి చట్టం తలుపు మూసేయలేదు. కానీ మార్పు ముందే జరిగిందని వాళ్ళంటే, కాదని చూపించే వస్తువు మీ దగ్గర లేదు. గతంలో నా క్లయింటు ఒకాయన ఇలాగే విప్పేసిన లైటును ఒక కవర్లో, సెల్లును ఇంకో కవర్లో తెచ్చాడు. అవతలి వకీలు అడిగింది ఒకే ప్రశ్న: "ఈ సెల్లు ఈ లైటులోదేనని ఎలా చెప్పగలరు?" దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

అందుకే రెండో పెట్టె. అదే ఆర్డరు, అదే బిల్లు, అదే రోజు వచ్చింది, ఎవరి చెయ్యీ పడలేదు. లోపం పరీక్ష చేస్తే తప్ప తేలని వస్తువైతే, కమిషనే నమూనా తీసుకుని, సీలు వేసి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలని 38వ సెక్షన్ చెబుతోంది. నివేదిక 45 రోజుల్లో రావాలి. పరీక్ష రుసుము ముందుగా మీరే కట్టాలి. మీరు సొంతంగా చేయించిన పరీక్షను అవతలివాళ్ళు సులువుగా కొట్టిపారేస్తారు. కమిషన్ పంపిన నమూనా మీద వచ్చిన నివేదికను అలా తీసిపారేయలేరు. కాబట్టి ఆ పెట్టె ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి. యూట్యూబ్ చేసే కుర్రాడెవరైనా నీళ్ళ పరీక్ష వీడియో తీస్తానన్నా వద్దనండి. ఆరు వైపులా ఫొటోలు తీసి, పెట్టెను బట్టలో చుట్టి, దాని మీద మీరు, ఇద్దరు ఊరిపెద్దలు తేదీతో సంతకాలు చేసి మళ్ళీ బీరువాలో పెట్టండి. తాళంచెవి ఒకరి దగ్గరే ఉంచండి.

ప్రయోగశాలకు వెళ్ళకముందే పెట్టె మీది అంకెలు మీ తరఫున మాట్లాడుతున్నాయి. మీరు పంపిన ఫొటోలో సెల్లు రకం 18650 అని ఉంది. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ కొలతలో దొరికే మంచి సెల్లుల సామర్థ్యం 3,500 ఎంఏహెచ్ దగ్గర ఉంటుంది. అందులో 9,900 పట్టదు. పోనీ పట్టిందనే అనుకుందాం. 3.7 వోల్టుల దగ్గర అది దాదాపు 37 వాట్ అవర్లు, అంటే 37 వాట్లు గంటసేపు ఇచ్చే శక్తి. ఎల్‌ఈడీ ఒక్కో వాటుకు 150 ల్యూమెన్లు ఇస్తుందని ఉదారంగా లెక్క కట్టినా, 10,000 ల్యూమెన్లకు 67 వాట్లు కావాలి. 8 గంటలు వెలగాలంటే 530 వాట్ అవర్లు దాటుతుంది. పెట్టె మీద ఒక అంకె చెప్పింది ఇంకో అంకె కాదంటోంది. చట్టం 2వ సెక్షన్‌లో "లోపం" అంటే చట్టప్రకారం ఉండాల్సిన ప్రమాణం లేకపోవడం మాత్రమే కాదు, వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం లేకపోవడం కూడా. వాళ్ళు చెప్పుకున్నది పెట్టె మీద అచ్చై ఉంది. ఇక్కడ నాన్నగారు పడ్డారా లేదా అన్న చర్చతో పనే లేదు.

నీళ్ళ సంగతీ అంతే. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపులనుంచి నీళ్ళు చిమ్మినా తట్టుకోవాలి, అంటే వాన. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట. ఐపీఎక్స్8 అంతకన్నా పైది. ఐపీఎక్స్8 అని అచ్చువేసిన లైటులోకి వాన నీళ్ళు పోయాయంటే రబ్బరు రింగో, మరలో, చార్జింగ్ రంధ్రం మూతో సరిగ్గా లేదన్నమాట. ఒక మాట ముందే చెబుతున్నాను. రెండేళ్ళు బీరువాలో ఉన్న రబ్బరు ఎండిపోయిందని అవతలివాళ్ళు వాదిస్తారు. ఆ వాదనలో కొంత బలం ఉంది. సెల్లు విషయంలో మాత్రం ఆ వాదన సాగదు. వాడకుండా ఉంచిన సెల్లు కొంత తగ్గుతుంది నిజమే, 9,900 నుంచి 3,000కు పడిపోదు. అందుకని పరీక్ష పిటిషన్‌లో సెల్లు సామర్థ్యం మొదట రాయించండి, వెలుగు కొలత రెండోది, నీళ్ళ పరీక్ష చివర. నీళ్ళలో ముంచాక మిగతావి కొలిస్తే నివేదికకు విలువ ఉండదు.

ఇక గడువు. 69వ సెక్షన్ ప్రకారం కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలో ఫిర్యాదు దాఖలు కావాలి. లోపం బయటపడి హాని జరిగింది 2023 ఆగస్టు 2న. మీ ఉత్తరం నాకు చేరింది 2025 జూన్ 24న. ఆగస్టు 2 శనివారం కాబట్టి మీ లెక్కలో ఆఖరి రోజు ఆగస్టు 1 అనుకోండి. అంటే 38 రోజులు. తప్పుడు అంకెల ఫిర్యాదుకు కొన్న రోజు నుంచే గడువు లెక్కించాలనీ, అది జూన్ 20తో అయిపోయిందనీ అవతలివాళ్ళు అనడం ఖాయం. లోపం తెలిసింది ఆగస్టు 2నే అన్నది మన జవాబు. అయినా ముందుజాగ్రత్తగా ఫిర్యాదుతో పాటే ఆలస్య మాఫీ పిటిషన్ వేయండి. ఆస్పత్రి కాగితాలు దానికి ఆధారం. మీ నాన్నగారి బాధ నిజంగా అక్కరకొచ్చే చోటు అదే. అక్కడ కన్నీళ్ళు కాదు, తేదీలు రాయండి.

ముందు లీగల్ నోటీసు పంపి, జవాబు చూసి, ఆ తర్వాత వేద్దామనుకుంటే మునుగుతారు. ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగదు. కందిమళ్ళ రాఘవయ్య అండ్ కంపెనీ కేసు మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది. పొగాకు కాలిపోయింది 1988లో, బీమా కంపెనీ మీద ఫిర్యాదు వేసింది 1997లో. గడువు దాటిందన్న నిర్ణయాన్నే 2009లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, నోటీసు పంపండి, తప్పులేదు. ఆ రెండూ నడుస్తుండగానే ఫిర్యాదు కూడా తయారవుతూ ఉండాలి.

వారంటీ అయిపోయిందన్న జవాబుకు బెదరక్కర్లేదు. లైటు ఆరిపోయింది కొన్న ఆరు వారాలకు, వారంటీ ఉండగానే. ఆ వారమే మెయిల్ పెట్టారు. ఫొటోలు పంపకుండా ఊరుకోవడం మీ నిర్లక్ష్యం, దాన్ని వాళ్ళు వాడుకుంటారు. అయినా ఆ మెయిల్ మీద ఉన్న తేదీ మీకు బంగారం. ఆర్డరు కన్ఫర్మేషన్, బిల్లు, ఈ మెయిళ్ళు అన్నీ ఇవాళే దించుకోండి. ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రం (ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చేది) జతచేయండి. కమిషన్ సివిల్ కోర్టంత పట్టుబట్టకపోవచ్చు, అభ్యంతరానికి చోటివ్వడం మాత్రం ఎందుకు?

ఎవరి మీద వేయాలి? పెట్టె మీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, నెల, సంవత్సరం ఉండాలని 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ (ప్యాక్ చేసిన సరుకుల) నిబంధనలు చెబుతున్నాయి. మీరు పంపిన ఫొటోలో ఆ వైపు కనబడలేదు. చూసి రాసుకోండి. తయారీదారు ఎవరో తెలియకపోయినా, నోటీసు అందించే వీలు లేకపోయినా వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ కింద అమ్మినవాడే బాధ్యుడు. అమ్మినవాడి చిరునామా కోసం మీరు కొన్న వెబ్‌సైట్ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి ఇవాళే రాయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. తయారీదారు లేక దిగుమతిదారు, అమ్మినవాడు, వెబ్‌సైట్, ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి.

25 లక్షల మాట. అడగడానికి అడ్డేమీ లేదు. కమిషన్ పరిధి మీరు చెల్లించిన ధరను బట్టి కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. మీరున్న జిల్లాలో వేసే హక్కు చట్టమే ఇచ్చింది. చెల్లించిన ధర 5 లక్షల లోపు గనుక కోర్టు ఫీజు లేదు. కానీ వచ్చేదేమిటో నిక్కచ్చిగా చెబుతాను. లైట్ల ధర, తప్పుడు ప్రకటనకు కొంత పరిహారం, ఖర్చులు: సెల్లు నివేదిక మనకు అనుకూలంగా వస్తే ఇవి దాదాపు ఖాయం. తుంటి విరిగినందుకు పరిహారం కష్టమైన భాగం. లైటు ఆరిపోవడం వల్లే పడ్డారని, గట్టు బురద వల్ల కాదని చూపించాలి. దానికి ఆ రాత్రి నాన్నగారిని లేపి కూర్చోబెట్టిన పక్క చేను రైతు అఫిడవిట్ కావాలి. మెకానిక్ అఫిడవిట్ కావాలి: విప్పినప్పుడు లోపల నీళ్ళున్నాయా, తుప్పుందా, ఏ సెల్లు తీశాడు. పాత సెల్లు అతని డబ్బాలో ఇంకా ఉందేమో అడగండి. ఉంటే తుడవకుండా కవర్లో వేసి, అతని సంతకంతో తీసుకోండి. ఆస్పత్రి కేసు షీటు నకలు తీసి, మొదటి రోజు "ఎలా పడ్డారు" అన్న గడిలో ఏం రాశారో చూడండి. అక్కడ బైకు మీదనుంచి అని గానీ రాసి ఉంటే గాయం పరిహారం అడిగేముందు నాతో మాట్లాడండి.

ఇంకొకటి. బిల్లు మీ పేరున ఉంది, గాయం నాన్నగారిది. కొన్నవారి సమ్మతితో వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే కనుక ఇద్దరూ ఫిర్యాదుదారులుగా సంతకాలు చేయండి. పొలం పనికి వాడారు కాబట్టి వ్యాపార వినియోగం అని ఎవరైనా అంటే, సొంత కష్టంతో బతుకుతెరువుకు వాడుకోవడం వ్యాపారం కిందికి రాదని అదే నిర్వచనంలో ఉంది. పోలీసు కేసు ఆలోచన ఇప్పటికి పక్కన పెట్టండి. ఆ చుట్టూ తిరిగేలోపు ఆగస్టు 1 దాటిపోతుంది.

మొదటి లైటు వాడకం ఈ పూట నుంచే ఆపండి. కొత్త సెల్లుతో సహా ఎలా ఉందో అలాగే కవర్లో పెట్టండి. ఫిర్యాదును వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. జూలై 10 లోపు కాగితాలన్నీ ఒక ఫైలుగా తయారుచేసుకుని దగ్గర్లోని న్యాయవాదిని కలవండి. ఫీజు భారమైతే గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోండి. రెండో పెట్టెను ఆ రోజు వెంట తీసుకువెళ్ళకండి. ఫొటోలు చాలు. కమిషన్ ఆదేశించాకే అది బీరువా దాటి రావాలి.