కెన్యాలో మొబైల్‌తో డబ్బు పంపడం అంత త్వరగా ఎలా అలవాటైంది?

బ్యాంకు ఖాతా లేనివాళ్లు ఎక్కువ, చేతిలో ఫోన్ ఉన్నవాళ్లు ఎక్కువ. అసలు కారణం అదే. 2007లో అక్కడి మొబైల్ కంపెనీ సఫారీకామ్ ఫోన్‌తో డబ్బు పంపే సేవ ఎం-పెసా (అక్కడి భాష స్వాహిలీలో పెసా అంటే డబ్బే) తెచ్చేదాకా, నైరోబీలో పనిచేసేవాళ్లు ఇంటికి డబ్బు పంపాలంటే బస్సు డ్రైవర్‌కో, ఊరెళ్లే బంధువుకో ఇచ్చేవారు. చేరిందో లేదో అని ఒకటే టెన్షన్. ఎం-పెసాకి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్టూ అక్కర్లేదు. బటన్ల ఫోన్‌లో సిమ్ మెనూ తెరిచి నంబరు, మొత్తం, పిన్ కొడితే చాలు, ఇద్దరికీ మెసేజ్ వస్తుంది. ఊళ్లో అమ్మ దగ్గర్లోని ఏజెంట్‌కి గుర్తింపు కార్డు చూపించి నోట్లు తీసుకుంటుంది.

నన్నడిగితే, ఆ ఏజెంట్లే దీనికి ప్రాణం. రీచార్జి అమ్మే చిన్న కొట్లే నగదు కౌంటర్లయ్యాయి. ఆ గల్లాలో నోట్లు నిండుకుంటే మాత్రం, ఫోన్‌లో డబ్బున్నా అమ్మ మరో కొట్టు వెతుక్కోవాల్సిందే.