అబ్బాయి ఫోన్ తీయకపోతే మనసు కీడే శంకిస్తోంది

ప్రశ్న: నా వయసు 61. మావారు పోయి రెండేళ్లయింది. గుంటూరులో ఒంటరిగా ఉంటున్నాను. అబ్బాయి, కోడలు డాలస్‌లో ఉంటారు. రోజూ రాత్రి 8 గంటలకు ఫోన్ చేస్తాను. ఈమధ్య తరచూ తీయడం లేదు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడినా జవాబుండదు, మాట్లాడినా ముక్తసరిగానే. కోడలే వద్దంటోందని, వాడికి భారమయ్యానని అనిపించి నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు కళ్లారా చూసినవి ఫోన్ తీయకపోవడం, జవాబు రాకపోవడం, మాటలు తగ్గడం మాత్రమే. కోడలు వద్దంటోందన్నదీ, మీరు భారమయ్యారన్నదీ కారణం తెలియని వేదనలో మీ మనసు కల్పించుకున్నవి. ఇలాంటి ఆలోచనలు వాటంతటవే రెప్పపాటులో వస్తాయనీ, వాటిని పరీక్షించకుండానే నిజమని నమ్మేస్తామనీ అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో కుంగుబాటు రోగులను పరిశీలిస్తూ గుర్తించారు. భర్త పోయాక, పలకరించే మనిషి లేని ఇంట్లో అవి మరింత బలంగా రావడం సహజం. అందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ఒకసారి గడియారం చూడండి. మీకు రాత్రి 8 అయినప్పుడు డాలస్‌లో వేసవిలో ఉదయం 9.30, నవంబరులో అక్కడి గడియారాలు వెనక్కి తిప్పాక 8.30. అంటే మీరు తీరిక చేసుకుని కూర్చునే సమయానికి అతను పనిలోకి దిగుతున్నాడు. సాయంత్రం 6 గంటలకు అతనికి తీరిక దొరికేసరికి మీకు తెల్లవారుజాము. మెసేజ్ చూడడానికి క్షణం చాలు, అమ్మకు నాలుగు మాటలు రాయడానికి అది చాలదు. అయితే ఇదే కారణమని నేను తేల్చి చెప్పను, అలా చెబితే నేనూ ఊహించినట్టే అవుతుంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మీరు కీడెంచడం దగ్గరే ఆగిపోతున్నారు. దిగులు కలిగిన రోజున ఒక పుస్తకంలో జరిగినది ఒక వైపు, మీకు అనిపించినది మరో వైపు రాసి, దాని కింద మరో రెండు కారణాలైనా ఆలోచించి రాయండి. ఆ తర్వాత, “నాన్నా, నువ్వు ఫోన్ తీయకపోతే దిగులుగా ఉంటోంది, నీకు ఏ వేళ కుదురుతుందో చెప్పు” అని అబ్బాయినే అడగండి. వేసవిలో అక్కడ శనివారం రాత్రి 8 అంటే మీకు ఆదివారం ఉదయం 6.30, ఇద్దరికీ అనువైన సమయమే. కోడలిపై అనుమానాన్ని మాత్రం అతని ముందు పెట్టకండి, రుజువు లేని నింద ఒకసారి నోరు దాటితే మీ ముగ్గురి మధ్యా ఉండిపోతుంది. వీలైతే ఆమెకు విడిగా ఫోన్ చేసి, ఆమె బాగోగులు అడగండి.

నిద్రలేమి రెండు వారాలు దాటితే వైద్యుణ్ణి కలవండి. అర్ధరాత్రి దిగులు తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.